జాగిలానికి జత

పాఠ్యాంశ ఉద్దేశం: పెంపుడు జంతువులను పెంచేవారు వాటి సంతతి విషయంలో ఎంతటి బాధ్యత వహించాలో, ముఖ్యంగా ఆడకుక్కకు జతగా మగకుక్కను ఎంచుకొనేటప్పుడు ఏ ఏ విషయాలు పరిశీలించాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బర్రెను ఎంచుకోవాలని మన పెద్దల మాట. ఈ సామెత మనకు చిన్ననాటినుంచి పరిచితమే. అయితే ఇందులో తండ్రి ఊసు లేదు. సామెత మరచిన ఆ విషయాన్ని ఒంగోలు సీమ రైతులు మాత్రం మరువలేదు. పోయిన పెద్దల పేరిట దేవునికి అచ్చువేసి వదిలే కోడెదూడను వారు ఆషామాషీగా ఎంచేవారు కారు. దాని మూపురం, గంగడోలు, నడక చూచేవారు. దానిని ఈనిన ఆవు పాడిని, ఆ ఆవు సాధుత్వాన్ని విచారించేవారు. ఊరి మందకంతటికీ రేపు ఆ ఆబోతే తండ్రి అవుతుంది గనుక ఆ ఎంపిక ఒక ఇంటి వ్యవహారం కాదు, ఊరి వ్యవహారం. ఒంగోలు జాతి సముద్రాలు దాటి బ్రెజిల్ దేశంలో ‘నెలోర్’ అనే పేరుతో విస్తరించడం వెనుక తరతరాల ఈ శ్రద్ధ ఉన్నది.

గోజాతి విషయంలో ఇంతటి వివేకం చూపిన సమాజమే కుక్క దగ్గరకు వచ్చేసరికి దానిని మరచిపోయినట్లు కనిపిస్తుంది. పట్టణాలలో నేడు జాతికుక్కలను పెంచేవారు పెరిగారు. ఇంట్లోని ఆడకుక్క ఎదకు రాగానే అదే జాతి మగకుక్క ఎక్కడ ఉన్నదా అని వెదకుతారు. దొరికినది అందంగా ఉంటే చాలు, ఆ పూటతో పని ముగిసిందనుకుంటారు. ఆడకుక్క సుమారు 63 రోజులు చూలు మోస్తుంది. ఈనిన తరువాత వారాల తరబడి పాలిచ్చి సాకుతుంది. తండ్రి అయిన కుక్కకు ఆ పిల్లల ముఖమైనా తెలియదు. అయినప్పటికీ పిల్ల శరీరంలోని ప్రతి కణంలో ఉండే 78 క్రోమోజోములలో 39 తండ్రివే. పైగా ఆడకుక్క తన జీవితకాలంలో కొన్ని ఈతలకు మించి ఈనలేదు. మగకుక్క తలచుకుంటే, కాదు, దాని యజమాని తలచుకుంటే, ఏడాదిలోనే పదుల ఈతలకు తండ్రి కాగలదు. మంచిని పంచినా, చెడును పంచినా అది తల్లికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పంచుతుంది. ఎంపికలో జాగ్రత్త అవసరమనేది అందుకే.

ఈ సత్యం నాకు పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. మా వీధి చివరి ఇంట్లో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఉండేవారు. వారి ఇంట్లో ఒక లాబ్రడార్ ఆడకుక్క ఉండేది. ఎంతో సాధువు. దానికి మూడేళ్లు వచ్చినప్పుడు ఒక్కసారైనా పిల్లలను చూడాలని వారికి ముచ్చట కలిగింది. పొరుగు పట్టణంలో ఒక మగ లాబ్రడార్ ఉన్నదని, అది శునక ప్రదర్శనలో కప్పు గెలిచిందని ఎవరో చెప్పారు. వెళ్లి చూచి వచ్చారు. విశాలమైన తల, నిగనిగలాడే పసిడి రంగు వెంట్రుకలు, చూచిన కళ్లు తిప్పుకోనివ్వని ఠీవి. ఈతలో ఒక పిల్లను ఏరుకొనే హక్కు తనదనే ఒప్పందం మీద దాని యజమాని అంగీకరించారు. ఇది ఈ రంగంలో వాడుకలో ఉన్న పద్ధతే. ఎనిమిది పిల్లలు పుట్టాయి. వాటిలో ఒక ఆడపిల్ల మా ఇంటికి వచ్చింది. ప్రాచీన సాహిత్యం చదువుకున్నవాణ్ణి కనుక దానికి ‘సరమ’ అని పేరు పెట్టుకున్నాను.

ఏడవ నెల వచ్చేసరికి సరమ మెట్లు ఎక్కడానికి వెనుకాడసాగింది. పడుకొని లేచేటప్పుడు వెనుక కాళ్లు కూడదీసుకోవడానికి కొంత సమయం తీసుకొనేది. కుందేలు గెంతినట్లు రెండు వెనుక కాళ్లూ ఒక్కసారే కదిపి పరుగెత్తేది. ఆ పరుగు చూచి మా పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తుకు వస్తే నాకు నేటికీ సిగ్గుగా ఉంటుంది. పశువైద్యులు ఎక్స్‌రే తీయించి, రెండు తుంటి కీళ్లూ సరిగా అమరలేదని చూపించారు. తొడ ఎముక పైభాగాన బంతివంటి గుండు ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలో ఒదిగి తిరగాలి. సరమకు ఆ గిన్నె లోతు తక్కువ. గుండు అందులో నిలువక జారుతూ, ఒరుసుకుంటూ ఉంటుంది. దీనిని హిప్ డిస్ప్లేసియా అంటారు. విచారించగా ఆ ఈతలోని మరొక పిల్లదీ ఇదే బాధ అని తెలిసింది. విషయం చెప్పినప్పుడు ఉపాధ్యాయులు చాలాసేపు మౌనంగా ఉండి, “కప్పు చూశాను కాని కీళ్లు చూడలేదు మాస్టారూ” అన్నారు.

నిజానికి కీళ్లు కంటికి కనిపించేవి కావు. లోపమున్న మగకుక్క యౌవనంలో చక్కగా పరుగెత్తవచ్చు, ప్రదర్శనలో కప్పూ గెలవవచ్చు. అందువల్ల నిర్ణీత పద్ధతిలో ఎక్స్‌రే తీసి, శిక్షణ పొందిన నిపుణులచేత శ్రేణి నిర్ణయం చేయించడం తప్ప మార్గం లేదు. అంతర్జాతీయ పద్ధతిలో ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు అయిదు శ్రేణులు ఉన్నాయి. ‘ఎ’ నిర్దోషం, ‘ఇ’ తీవ్రం. అమెరికాలో 24 నెలలు నిండితే తప్ప తుది ధ్రువీకరణ ఇవ్వరు. ఏడాది కూడా నిండని మగకుక్కను జతకు పంపేవారు ఆలోచించవలసిన విషయం ఇది.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. ఈ వైకల్యానికి ఒక్క జన్యువు కారణం కాదు. అనేక జన్యువులు తలా కొంత భారం మోస్తాయి. వాటికి తోడు అతివేగంగా పెరగడం, బరువు పెరగడం, నున్నటి నేలమీద జారడం వంటివి లోపాన్ని పెంచుతాయి. కనుక మంచి కీళ్లున్న తల్లిదండ్రులకు కూడా ఒకటి రెండు పిల్లలు లోపంతో పుట్టవచ్చు. అందుచేత మగకుక్క ఎక్స్‌రే ఒక్కటే చూస్తే సరిపోదు. దాని తోబుట్టువులు ఎలా ఉన్నాయి? దానికి పుట్టిన పాత ఈతల పిల్లలు నేడు ఎలా నడుస్తున్నాయి? నా దృష్టిలో ఒక మగకుక్క విలువను చెప్పే సాక్ష్యాలలో దాని సంతానాన్ని మించినది లేదు. ఒంగోలు రైతు ఆబోతుకు పుట్టిన దూడలను చూచి మాట్లాడేవాడు. అతనికి జన్యుశాస్త్రం తెలియదు కాని, ఎక్కడ చూడాలో తెలుసు.

ఒకే జన్యువు వల్ల కలిగే వ్యాధుల తీరు వేరు. లాబ్రడార్ మొదలైన కొన్ని జాతులలో కంటిలోని నేత్రపటలం క్రమంగా క్షీణించే వ్యాధి ఒకటి ఉన్నది. మొదట రాత్రిచూపు తగ్గుతుంది. క్రమంగా పూర్తి అంధత్వం వస్తుంది. లోపమున్న జన్యువు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండూ కలిసివస్తేనే వ్యాధి కలుగుతుంది. ఒక్కటే వచ్చిన కుక్క జీవితాంతం చక్కగా చూస్తుంది. అటువంటి దానిని వాహకం అంటారు. రెండు వాహకాలను జతపరిస్తే పుట్టే పిల్లలలో సగటున నాలుగింట ఒకటి అంధత్వానికి గురి అవుతుంది. వాహకాన్ని నిర్దోషమైన దానితో జతపరిస్తే ఏ పిల్లకూ ఆ వ్యాధి రాదు. సగటున సగం పిల్లలు మాత్రం వాహకాలవుతాయి. విషాదమేమిటంటే ఈ వ్యాధి సాధారణంగా నడివయస్సులో గాని బయటపడదు. అప్పటికి ఆ మగకుక్క ఎన్నో ఈతలకు తండ్రి అయి ఉంటుంది. లాలాజలంతోగాని, నెత్తుటిబొట్టుతోగాని చేసే జన్యుపరీక్ష ఈ విషయాన్ని ముందే చెబుతుంది.

పరీక్షలో వాహకమని తేలిన ప్రతి కుక్కనూ తీసివేయాలని కొందరు తొందరపడతారు. అది సరికాదు. ఒక్క దోషం కోసం మంచి కుక్కలనన్నింటినీ పక్కన పెడితే జాతిలో వైవిధ్యం సన్నగిల్లి, తెలియని మరో దోషం తలెత్తుతుంది. నిర్దోషమైన జతను వెదికి, పుట్టిన పిల్లలను తిరిగి పరీక్షించడమే వివేకం.

జతను వెదకడంలో సాహసమూ అవసరమవుతుందని డాల్మేషియన్ జాతి కథ చెబుతుంది. తెల్లని మేనిమీద నల్లని మచ్చలతో ముచ్చటగా ఉండే ఈ జాతిని చాలామంది చిత్రాలలో చూచే ఉంటారు. ఇతర కుక్కల శరీరంలో యూరిక్ ఆమ్లం చాలావరకు కాలేయంలో మరో పదార్థంగా మారి సులువుగా బయటకు పోతుంది. డాల్మేషియన్లలో ఆ మార్పు సరిగా జరుగదు. యూరిక్ ఆమ్లం మూత్రంలో చేరి, కొన్నింటిలో రాళ్లు కడుతుంది. మగవాటిలో మూత్రనాళం ఇరుకు కనుక రాయి అడ్డుపడితే ప్రాణాపాయం. దీనికి కారణమైన జన్యులోపం ఆ జాతిలో ఒకటో రెండో కుక్కలకు కాదు, స్వచ్ఛమైన వంశంలో పుట్టిన ప్రతి కుక్కకూ ఉన్నది. అటువంటప్పుడు జాతి లోపల ఎంత గొప్ప మగకుక్కను వెదికినా ప్రయోజనమేమి? ఊరి బావులన్నీ ఉప్పుబావులైనప్పుడు మంచినీటికి పొరుగూరికి పోక తప్పదు.

అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఆ పనే చేశారు. ఆయన స్వయంగా డాల్మేషియన్ల పెంపకందారు. 1973లో ఒక డాల్మేషియన్ ఆడకుక్కకు పాయింటర్ జాతికి చెందిన మగకుక్కను జతగా ఎంచుకున్నారు. రూపంలో దగ్గరి పోలికలున్న ఆ వేటజాతిలో యూరిక్ ఆమ్లపు జన్యువు చక్కగా ఉన్నది. పుట్టిన పిల్లలలో ఆరోగ్యవంతమైన వాటిని తిరిగి డాల్మేషియన్లతో జతపరిచారు. వాటి పిల్లలను మళ్లీ డాల్మేషియన్లతోనే. ఒక్కొక్క తరానికి పాయింటర్ భాగం సగమవుతూ పోతుంది. అయిదవ తరానికి అది సగటున ముప్పైరెండింట ఒక వంతు మాత్రమే. రూపం డాల్మేషియన్‌ది, మూత్రం ఆరోగ్యవంతమైన కుక్కది. 1981లో అమెరికన్ కెనెల్ క్లబ్ అటువంటి రెండు కుక్కలను డాల్మేషియన్లుగా నమోదు చేసుకున్నది. కాని ఆ జాతి పెంపకందారుల సంఘంలో తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. వంశం కల్తీ అయిందన్నారు. నమోదు నిలిచిపోయింది. కొద్దిమంది పట్టువిడువక ఆ వంశాన్ని కాపాడుతూ వచ్చారు. 2008లో శాస్త్రజ్ఞులు ఆ జన్యులోపాన్ని కచ్చితంగా గుర్తించారు. 2010లో బ్రిటన్‌లోను, 2011లో అమెరికాలోను ఆ సంతతికి గుర్తింపు లభించింది. ఒక్క పాయింటర్ కుక్క ఇచ్చిన ఒక్క మంచి జన్యువును అంగీకరించడానికి మనుషులకు సుమారు నాలుగు దశాబ్దాలు పట్టింది. కులగోత్రాల పట్టింపు మనకు మాత్రమే ఉన్నదనుకోవడం పొరపాటు.

స్వచ్ఛత పేరుతో జరిగే మరో అనర్థం దగ్గరి చుట్టరికం. తండ్రికి కూతురిని, అన్నకు చెల్లెలిని జతపరిస్తే, ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికునినుంచి రావడానికి ఉన్న అవకాశం నూటికి 25. తాతకు మనుమరాలిని, ఒకే తండ్రికి పుట్టిన సవతి తోబుట్టువులను జతపరిస్తే అది నూటికి 12.5. దాగి ఉన్న దోషాలు జంటగా కలిసి బయటపడేది ఇటువంటి చోటనే. అందువల్ల వంశపత్రాన్ని అలంకారంగా గోడకు వేలాడదీయక, ఒక్కొక్క పేరూ చదవాలి. తల్లివైపు, తండ్రివైపు ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే ఆగి ఆలోచించాలి. మన దేశంలో చెన్నై ప్రధాన కేంద్రంగా ఉన్న కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జాతికుక్కలను నమోదు చేసి ఇటువంటి పత్రాలు ఇస్తుంది. అయితే వంశపత్రం పుట్టుకను చెబుతుంది కాని ఆరోగ్యాన్ని చెప్పదు. రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే మా ఉపాధ్యాయులవంటి వారు మోసపోయారు. వారిని ఎవరూ మోసగించలేదనేది వేరే విషయం.

కప్పులు గెలిచిన ఒకే మగకుక్క కోసం అందరూ బారులు తీరడమూ ప్రమాదమే. దీని పరిణామం పశువులలో స్పష్టంగా కనబడింది. అమెరికాలో 1962లో పుట్టిన ‘చీఫ్’ అనే హోల్‌స్టీన్ ఆబోతు కృత్రిమ గర్భధారణ ద్వారా 16,000 మంది కూతుళ్లకు తండ్రి అయింది. పాడి విశేషంగా పెరిగింది. దానితోపాటు, రెండు ప్రతులు కలిస్తే దూడను గర్భంలోనే చంపే జన్యులోపమూ ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ లోపమేమిటో శాస్త్రజ్ఞులు తేల్చేసరికి అర్ధశతాబ్దం గడిచిపోయింది.

స్వభావం గురించి ఒక్క మాట. పిరికితనం, అకారణమైన కోపం కొంతవరకు వంశపారంపర్యం. ప్రదర్శన వేదికమీద యజమాని చేతిలో నిలిచినప్పటి తీరు చూచి స్వభావాన్ని నిర్ణయించరాదు. దాని ఇంటికి వెళ్లి, కొత్తవారు వచ్చినప్పుడు, పసిపిల్లలు దగ్గరకు పోయినప్పుడు, గిన్నె పడి చప్పుడైనప్పుడు అది ఏమి చేస్తుందో చూడాలి. కరిచే కుక్కకు ఎన్ని పతకాలున్నా అది తండ్రి కాదగినది కాదు.

జత కుదిరిన తరువాత కూడా చేయవలసిన పనులు ఉన్నాయి. బ్రూసెల్లా క్రిమివల్ల చూలు పోవడం, వంధ్యత్వం కలుగుతాయి; జత ద్వారా ఇది ఒకదానినుంచి మరొకదానికి సోకుతుంది. కనుక ఉభయులకూ రక్తపరీక్ష చేయించాలి. ప్రతిఫలం డబ్బా, పిల్లా, చూలు నిలువకపోతే ఏమి చేయాలి అనేవి ముందే కాగితంమీద రాసుకోవాలి. 2017లో కేంద్ర ప్రభుత్వం కుక్కల పెంపకం, విక్రయాలపై నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జతపరచరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. చట్టం చెప్పని విషయం ఒకటున్నది. మగకుక్క యజమాని సైతం తన వద్దకు వచ్చిన ఆడకుక్క ఆరోగ్యపత్రాలు అడగాలి, లోపముంటే కాదనగలగాలి. చేతికందే సొమ్మును కాదనడం కష్టమే.

నన్నయ ఆదిపర్వంలో సరమ కథ ఉన్నది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవశుని కొడుకు ఆడుకుంటూ వెళ్లాడు. రాజు తమ్ముళ్లు వానిని కొట్టారు. వాడు ఏడుస్తూ తల్లికి చెప్పుకున్నాడు. సరమ తిన్నగా రాజసభకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను నీ తమ్ముళ్లు దయమాలి ఎందుకు కొట్టారని నిలదీసింది. వివేకం లేక సాధువులకు కీడు చేసినవారికి అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించి అదృశ్యమైంది. సర్పయాగపు మహాకథకు ముందు ఒక కుక్కపిల్ల ఏడుపును నిలపడం నన్నయ తెనుగు పాఠకునికి అందించిన గొప్ప ఘట్టాలలో ఒకటి. తరగతిలో ఈ ఘట్టం ఎన్నోసార్లు చెప్పాను. మా సరమ మెట్ల దగ్గర ఆగి నా ముఖంలోకి చూచిన నాడు గాని, ఆ ప్రశ్న ఎవరిని ఉద్దేశించినదో నాకు బోధపడలేదు.

ఎక్స్‌రే కాగితం తీసుకొని ఉపాధ్యాయులూ నేనూ ఆ మగకుక్క యజమాని ఇంటికి వెళ్లాము. గొడవ జరుగుతుందని నేను సందేహించాను. ఆయన కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూచి, “మా వాడికి ఎప్పుడూ తీయించలేదండి” అన్నారు. ఆ నెలలోనే తీయించారు. శ్రేణి ‘డి’ అని వచ్చింది. ఉపాధ్యాయులు తమ ఆడకుక్కకూ తీయించారు. దానికీ స్వల్పమైన లోపం ఉన్నది. నేరం ఒక్కరిది కాదని తేలింది. అప్పటికే ఆ మగకుక్కకు మరో మూడు జతలు కుదిరి ఉన్నాయట. ఆయన ఆ ముగ్గురికీ కబురు చేసి కాదన్నారు. పాత ఈతల పిల్లలను పెంచుకుంటున్నవారి చిరునామాలు ఒక నోటుపుస్తకంలో ఉంటే, ఒక్కొక్కరికీ తానే ఫోను చేసి, పిల్లలు ఎలా నడుస్తున్నాయని అడిగారు. ఆ ఏడాది ఆయన కుక్క ప్రదర్శనకు వెళ్లలేదు.

సరమకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించాము. బరువు పెరగకుండా కొలిచి తిండి పెట్టేవాళ్లం. మా ఇంటి నున్నటి గచ్చుమీద గోనెపట్టాలు పరిచాము. చూడవచ్చినవారికి అవి వింతగా తోచేవి. అది మా ఇంట్లో పదకొండేళ్లు బ్రతికింది.

అభ్యాసం

1. మగకుక్క ఎంపికలో దాని సంతానాన్ని పరిశీలించడం ఎందుకు ముఖ్యమో పాఠం ఆధారంగా వివరించండి.
2. డాల్మేషియన్ జాతిలో పాయింటర్ కుక్కను జతగా ఎంచుకోవడానికి కారణమేమి? ఆ సంతతికి గుర్తింపు ఆలస్యం కావడం గురించి రచయిత అభిప్రాయాన్ని చర్చించండి.
3. ‘వంశపత్రం పుట్టుకను చెబుతుంది కాని ఆరోగ్యాన్ని చెప్పదు’ – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. వాహకమని తేలిన కుక్కలనన్నింటినీ తీసివేయడం ఎందుకు సరికాదు?
5. మగకుక్క యజమాని మూడు జతలను కాదనడంలో కోల్పోయినదేమి? మీరైతే ఏమి చేసేవారు?
6. ఎద, చూలు, ఈత, పాడి, గంగడోలు – ఈ పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.